అంజయ్య బిగించిన క్లిప్పు

పాత కార్ల పని నేర్చుకుంటామని ఈమధ్య కొందరు నా ఇంటికి వస్తున్నారు. ఇంజనీరింగ్ చదివినవాళ్లున్నారు, మాదాపూర్‌లో మంచి ఉద్యోగం వదిలేసి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఫోన్లో వీడియోలు చూసి, డెబ్బైల నాటి జర్మనీ కారు బానెట్ ఎత్తితే చాలు జన్మ ధన్యమైపోతుందని అనుకుంటారు. షెడ్డు మూసేసి ఇంట్లో కూర్చున్న మనిషిని, చెప్పడానికి తీరికే. కాని వచ్చిన ప్రతివాళ్లకీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేదు. అందుకే రాసి పెడుతున్నాను. కంపెనీల పేర్లు మాత్రం రాయను. నా చేతికి వచ్చినవి ఎక్కువగా జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్ బండ్లు, అన్నీ డెబ్బైలలో తయారైనవి. అంతవరకు తెలిస్తే చాలు.

పని అంటే ఇది

ముందు మీ భ్రమ పోగొడతాను. ఈ పనిలో ఎక్కువ భాగం వెల్లకిలా పడుకుని చేసేదే. కళ్లలో తుప్పు రాలుతుంది. తేలిగ్గా ఊడిరావాల్సిన బోల్టు మధ్యలో విరుగుతుంది. చిన్న రబ్బరు వాషరు కోసం నెలల తరబడి ఎదురుచూస్తారు, తీరా వచ్చాక అది సరిపోదు. చేతుల వాసన అన్నం ముద్దలోకి కూడా వస్తుంది. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ వడ్డించి పక్క గదిలోకి వెళ్లిపోయేది.

అయినా ఎందుకు చేశానంటే, నాకా కార్లంటే ప్రాణం. ఈ మాట చెప్పడానికి సిగ్గేమీ లేదు. తలుపు వేస్తే వచ్చే ఆ బరువైన చప్పుడు, నాలుగు వైపులా ఆ పెద్ద పెద్ద అద్దాలు, కింద రోడ్డు ఎలా ఉందో స్టీరింగు పట్టుకున్న అరచేతికి తెలియడం, ఇవి ఇప్పటి బండ్లలో లేవు. సాయంత్రం సైబర్ టవర్స్ దగ్గర తెల్ల కార్లు, బూడిద రంగు కార్లు బారులు తీరి నిలబడతాయి. వాటి మధ్య ఆవపిండి రంగు ఫ్రెంచి కారు ఒకటి కనిపిస్తే, తిట్టుకుంటున్న క్యాబ్ డ్రైవర్లు కూడా అద్దం దించి చూస్తారు. నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ గర్వపడ్డాను.

అయితే ఒకటి. ఈ కార్లను పట్టించుకోనివాళ్లు చేసే నష్టం తక్కువ. బండి ఎక్కడో మూలన పడి ఉంటుంది, అంతే. ప్రేమించేవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి. ఇంజన్ పని రెండు మూడేళ్లలో వచ్చేస్తుంది. యజమానితో ఎలా మాట్లాడాలన్నది నాకు చివరిదాకా పూర్తిగా రాలేదు.

నర్సింగరావు గారి గోనెసంచి

నేను తెనాలి నుంచి డిప్లొమా కాగితం పట్టుకుని వచ్చి చేరింది నర్సింగరావు గారి షెడ్డులో. బోరబండ స్టేషన్ వెనక రేకుల షెడ్డు. ఆయన నోరు మంచిది కాదు. జీతం ఇచ్చేటప్పుడు కూడా ఒక తిట్టు కలిపి ఇచ్చేవారు. కాని ఈ నగరంలో పాత కార్ల విషయంలో అబద్ధం ఆడని మనిషి నాకు తెలిసి ఆయన ఒక్కరే.

ఆయనకో పద్ధతి ఉండేది. కారులో తుప్పు ఉందని యజమానికి నోటితో చెప్పేవారు కాదు. కారు కింద గోనెసంచి పరిచి, "పండుకో" అనేవారు. ఎంత పెద్ద ఉద్యోగం ఉన్నవాడైనా, ఇస్త్రీ చొక్కాతో ఆ సంచి మీద పడుకోవాల్సిందే. పడుకుని ఆయన చూపించిన చోట బొటనవేలితో నొక్కాలి.

ఒకసారి ఒక యువ జంట ఎర్రటి ఇటలీ కారు తెచ్చారు. ఇద్దరిదీ ఐటీ ఉద్యోగమే. ఎక్కడో ఊటీ దగ్గర ఉన్న కారును ఫొటోల్లో చూసి కొన్నారట. పెయింటు అద్దంలా మెరుస్తోంది. ఆ అబ్బాయి సంచి మీద పడుకుని డ్రైవర్ సీటు కింద నొక్కాడు. వేలు లోపలికి పోయింది. అక్కడ రేకు లేనే లేదు, పుట్టీ పెట్టి పైన రంగు పూశారు. బయటికి వచ్చాక తన బొటనవేలు వంక చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ అమ్మాయి మాత్రం కారులోనే కూర్చుని దిగనంది.

వాళ్లు వెళ్లాక నేను అడిగాను, "ఆ మాటేదో మెల్లగా చెప్పొచ్చు కదండీ, ఎందుకిలా?" అని.

"నేను జెప్తే గీ ముసలోడు పైసల కోసం జెప్తున్నడు అనుకుంటరు. వాని ఏలు జెప్తే వాడు కాదంటడా?" అన్నారు.

అప్పుడు నాకది మొరటుతనం అనిపించింది. తర్వాత నేనూ అదే చేశాను. ఆయన పోయాక షెడ్డుతో పాటు ఆ గోనెసంచీ నాకే వచ్చింది.

ఒరిజినల్ పిచ్చి

హైటెక్ సిటీ ఎదిగేకొద్దీ పాత కార్లకు గిరాకీ వచ్చింది, వెనకే పోటీలు వచ్చాయి. ఆదివారం పూట ఏదో కన్వెన్షన్ హాలు పచ్చికలో కార్లు నిలబెడతారు. జడ్జీలు టార్చిలైటు పట్టుకుని బానెట్‌లోకి తల దూరుస్తారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పైపు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్టిక్కరు, అన్నీ అలాగే ఉంటే మార్కులు. కొత్తది కనిపిస్తే కోత.

దీంతో యజమానులకు ఒక అలవాటు పట్టుకుంది. మేము అరిగిన భాగం తీసి కొత్తది వేస్తే, పాతదాన్ని పారేయనివ్వరు. ఒక పెట్టెలో దాచుకుంటారు. మేము దాన్ని పోటీ పెట్టె అనేవాళ్లం. పోటీ నాడు పొద్దున్నే మైదానంలో కొత్తవి విప్పి, పెట్టెలోని పాతవి బిగిస్తారు. బహుమతి అయిపోయాక కారును లారీ ఎక్కించి ఇంటికి తెచ్చి, మళ్లీ కొత్తవి బిగిస్తారు. పెళ్లికి నగలు పెట్టి తీసినట్టు. హారనో, అద్దమో, దీపమో అయితే నాకేం అభ్యంతరం లేదు. ఎవరి సరదా వాళ్లది.

పెట్రోలు పైపు అలా కాదు. ఆ కాలపు పైపు మీద నూలు అల్లిక ఉంటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. లోపలి రబ్బరు మాత్రం ఇప్పటి పెట్రోలుకు ఆగదు. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది ఆ పాత రబ్బరును ఉబ్బించి పగలగొడుతుంది. పైన నూలు మాత్రం చెక్కుచెదరదు. కంటితో చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది. వేలితో నొక్కి వంచితేనే లోపల కరకరమంటుంది.

అందుకే నా షెడ్డులో ఒక నియమం పెట్టాను. పాత పెట్రోలు పైపు బిగించిన కారు ఇంజన్ ఎవరూ ఆన్ చేయకూడదు. తోసుకుంటూ లారీ ఎక్కించాలి, తోసుకుంటూ దించాలి. మీరు ఈ పనిలోకి వస్తే ఇది గోడ మీద రాసి పెట్టుకోండి.

అంజయ్య

విశ్వనాథ రెడ్డి గారిది ప్రొద్దుటూరు వైపు. మాదాపూర్‌లో సొంత కంపెనీ, లింగంపల్లి అవతల ఇల్లు. ఆయన దగ్గర ఆకుపచ్చ రంగు జర్మనీ కారు ఉండేది, రెండు తలుపులది. ఆ కారు గురించి నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఇది మర్యాదకు చెప్పడం లేదు. మాన్యువల్ తెప్పించుకుని కూర్చుని చదివిన మనిషి. ఇంజన్ చప్పుడు విని ఏ వాల్వు దగ్గర తేడా ఉందో చెప్పేవారు, విప్పి చూస్తే అదే అయ్యేది.

అంజయ్య ఆయన డ్రైవరు. నారాయణపేట దగ్గర పల్లె నుంచి వచ్చాడు, మా షెడ్డుకు రెండు సందుల అవతల కాపురం. భార్య పద్మ మాదాపూర్‌లో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని చేసేది. అంజయ్య నడిపేది రెడ్డి గారి రోజువారీ కారు. ఆకుపచ్చ కారును తుడవడం, అప్పుడప్పుడు షెడ్డుకు తేవడం మాత్రమే అతని పని. దాన్లో ఎక్కేముందు చెప్పులు విప్పి పక్కన పెట్టేవాడు. నేను నవ్వితే, "గీ బండికి పెద్దరికం ఉంది సార్. చెప్పులేసుకొని ఎట్ల గూసుంట?" అనేవాడు.

సెలవు రోజు కూడా షెడ్డుకు వచ్చి నా పక్కన కూర్చునేవాడు. పైపుకు క్లిప్పు బిగించడం అతనికి నేనే నేర్పాను. స్క్రూ బిగించాక క్లిప్పును రెండు వేళ్లతో పట్టుకుని తిప్పి చూడాలి, కదలకూడదు. అంజయ్య తిప్పి చూసి, మళ్లీ ఒకసారి తిప్పి చూసి, అప్పుడు నా వంక చూసేవాడు. అంత జాగ్రత్త నా దగ్గర జీతానికి పనిచేసినవాళ్లలో కూడా చూడలేదు.

ఆ ఆకుపచ్చ కారుకు పెట్రోలు పైపు మార్చేటప్పుడు, రెడ్డి గారితోనే పాత పైపును నొక్కించాను. కరకరమంది. "అబ్బా, పూర్తిగా పోయిందే మూర్తన్నా" అన్నారు. కొత్తది వేశాం, పాతది పోటీ పెట్టెలోకి వెళ్లింది. ఆ ఏడు పాత పైపు బిగించకుండానే పోటీకి వెళ్తే ఆయనకు రెండో బహుమతి వచ్చింది. జడ్జికి బానెట్ కింద కొత్త పైపు కనిపించిందట. రెడ్డి గారు మళ్లీ ఏడాది దాకా ఆ మాటే చెప్పుకుని బాధపడ్డారు.

ఆ ఆదివారం

మరుసటి పోటీ నాడు నేను ఇంకో కారుతో మైదానం ఆ చివర ఉన్నాను. పొద్దున్నే అటు వెళ్లి చూస్తే, రెడ్డి గారు పక్కన నిలబడి చెబుతుంటే అంజయ్య పాత పైపు బిగిస్తున్నాడు.

"లారీకి చెప్పారా అండీ?" అని అడిగాను.

"వస్తాదిలే అన్నా. నాకు తెలీదా?" అన్నారు రెడ్డి గారు.

ఆయనకు తెలుసు కనుకనే నేను వెనక్కి వచ్చేశాను.

మొదటి బహుమతి ఆయనకే వచ్చింది. చప్పట్లు, ఫొటోలు, దండ. బండి నడిపి చూపించమని నలుగురూ అడిగారట. లారీ ఇంకా రాలేదు. నేను అవతల నా కారును ఎక్కించుకుంటూ ఉంటే ఇంజన్ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. పరిగెత్తాను. అప్పటికే కారు గేటు దాటింది. రెడ్డి గారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

గేటు బయట రెడ్డి గారు దిగి, స్నేహితుల కారులో భోజనానికి వెళ్లారు. బండిని ఇంటికి చేర్చమని అంజయ్యకు ఇచ్చారు. లింగంపల్లి దారిలో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బానెట్ సందుల్లోంచి పొగ వచ్చింది. అంజయ్య దిగాడు. దిగి దూరంగా పోయి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. అతను బానెట్ ఎత్తాడు. లోపల మెల్లగా అంటుకుంటున్న మంటకు గాలి తగిలి ఒక్కసారిగా పైకి లేచింది. అయినా వెనక్కి రాకుండా చొక్కా విప్పి చేతులతో ఆర్పబోయాడని చూసినవాళ్లు చెప్పారు. పొగ కనిపిస్తే బానెట్ ఎత్తకండి. కారు పోతే పోనివ్వండి. ఇంతకంటే గట్టిగా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

రెడ్డి గారు నాకు ఫోన్ చేశారు. "మూర్తన్నా, కారు కాలిపోయిందన్నా" అన్నారు. అంజయ్య గురించి నేను అడిగితే గాని చెప్పలేదు. ఆ ఒక్కదానికి నేనాయన్ని తప్పుపట్టను. భయంలో నోటికి ఏది ముందు వస్తే అదే వస్తుంది. తప్పుపట్టేది తర్వాతి సంగతికి.

దవాఖానలో

అంజయ్య మొహం, చేతులు మొత్తం కట్లే. నన్ను గుర్తుపట్టి ఏడ్చాడు.

"సారు బండిని నేనే కాలవెట్టిన సార్. పైపు నేనే బిగించిన. క్లిప్పు లూజు ఉండె కావచ్చు. రెండు సార్లు తిప్పి జూసిన, మూడోసారి జూడలే."

నొప్పి గురించి ఒక్క మాట లేదు. పద్మ పక్కనే గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "పొద్దటిసంది గదే మాట సార్" అంది.

కాలిన కారును పోలీస్ స్టేషన్ వెనక పెట్టారు. నేరుగా అక్కడికే వెళ్లాను. క్లిప్పు వదులైతే పైపు జారిపోయి ఉండాలి. జారలేదు. పైపు రెండు చివర్లా క్లిప్పులు ఇనుప గొట్టాల మీద బిగిసి ఉన్నాయి, వాటి కింద కాలిన రబ్బరు ముక్కలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. మధ్యలో పైపు పగిలింది. పోలీసులు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తిరిగి వచ్చి అంజయ్యకూ చెప్పాను.

అతను నమ్మలేదు. "నా మనసు నిమ్మళం కావాలని జెప్తున్నరు మీరు. సారుకు తెల్వనిది ఏముంది ఆ బండిల? సారు ఒచ్చి జెప్తే నమ్ముత. సారు మాట్లాడ్తలేడు, అంటే నాదే తప్పు గదా."

మర్నాడు రెడ్డి గారిని ఆ కారు దగ్గరికి తీసుకెళ్లాను. గోనెసంచి అవసరం లేకపోయింది, బానెట్ ఎలాగూ తెరిచే ఉంది. "రెండు వేళ్లతో తిప్పండి" అన్నాను. తిప్పారు. కదల్లేదు. ఆయన క్లిప్పు వదిలి, వేళ్లకంటిన మసి చూసుకున్నారు.

"తెలుసన్నా. పైపు పోయిందని నాకు తెలుసు. నొక్కి చూసింది నేనే గదా."

"అయితే పదండి, ఆ మాట అంజయ్యతో చెబుదురు గాని."

"లాయరు నోరు మెదపొద్దంటున్నాడన్నా."

"కోర్టులో కాదండీ, మంచం దగ్గర. ఒక్క మాట."

"రేపు పోతా అన్నా. తప్పకుండా పోతా."

వెళ్లారు. నేను చూస్తుండగానే వార్డు అద్దం తలుపు దాకా వచ్చి నిలబడ్డారు. అంతే, అక్కడినుంచి వెనక్కి తిరిగి బిల్లు కౌంటరుకు వెళ్లారు. ఆ రోజే కాదు, ప్రతిరోజూ వచ్చారు. పెద్ద డాక్టర్లను పిలిపించారు, మంచి గదిలోకి మార్పించారు, ఖర్చు దేనికీ వెనకాడలేదు. పద్మకు భోజనం కూడా పంపించారు. తలుపు మాత్రం దాటలేదు. నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. దుర్మార్గుడైతే నాకంత కోపం వచ్చేది కాదేమో.

ఆ గది తలుపు చప్పుడైనప్పుడల్లా అంజయ్య, "సారు ఒచ్చిండా?" అనేవాడు. నర్సు వచ్చినా అదే, నేను వచ్చినా అదే. తర్వాత జ్వరం ఎక్కింది. మాట తగ్గింది. ఒక పొద్దున పద్మ ఫోన్ చేసి, "ఇగ రాకుండ్రి సార్, అయిపాయె" అంది.

చివరి బండి

కర్మకాండలు అయ్యాక రెడ్డి గారు ఆ కాలిన కారును లారీ మీద నా షెడ్డుకు తెచ్చారు. మనిషి బాగా తగ్గిపోయారు.

"దీన్ని బాగు చేద్దామన్నా. అంజయ్య గుర్తుగా ఉంటాది" అన్నారు.

నేను ఆ క్లిప్పు ఉన్న గొట్టం ముక్కను రంపంతో కోసి ఆయన చేతిలో పెట్టాను. "ముందు పద్మ దగ్గరికి రండి. అంజయ్యతో చెప్పాల్సింది ఆమెకైనా చెప్పండి. కారు సంగతి తర్వాత" అన్నాను. నర్సింగరావు గారు ఉంటే అదే చేసేవారు, ఇంకో రెండు తిట్లు కలిపి.

ఈసారి వచ్చారు. సందులో కారు పట్టదు, ఇద్దరం నడిచే వెళ్లాం. పద్మ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పారు.

"అంజయ్య తప్పు లేదమ్మా. క్లిప్పు గట్టిగానే బిగించినాడు. పైపు పాతది, పగులుతాదని నాకు తెలుసు. తెలిసే బండి తీసినా. తెలిసే అతని చేతికిచ్చినా."

అన్నీ చెప్పారు. ఏదీ దాచలేదు. దవాఖాన తలుపు దగ్గర నుంచి వెనక్కి తిరిగిన సంగతి కూడా చెప్పారు.

పద్మ విన్నది. ఆయన చేతిలోని ఆ ముక్క తీసుకుని, భర్త దగ్గర ఎప్పుడు చూసిందో గాని, క్లిప్పును రెండు వేళ్లతో పట్టి తిప్పింది. కదల్లేదు. మళ్లీ ఒకసారి తిప్పి చూసింది.

"గట్టిగనే ఉంది" అంది.

రెడ్డి గారు ఏదో అనబోయారు. పద్మ ఆ ముక్కను తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"నేనేం అడగలే సార్. అడిగింది ఆయన. ఆయనకే జెప్పుండ్రి" అని లోపలికి వెళ్లిపోయింది.